‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా?’

ఏడాదిన్నర క్రితం మాట. నాన్నని కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. సాయంత్రమయ్యేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. పొద్దున్న లేవగానే కళ్ల కింద ఉబ్బు. మూత్రం నురగ నురగగా పోతోందని ఆయనే మొహమాటపడుతూ చెప్పారు. పరీక్ష చేయిస్తే మూత్రంలో ప్రొటీన్ త్రీ ప్లస్ వచ్చింది. షుగర్ లేదు. బీపీ ఉంది గానీ పదేళ్లుగా ఒకే మాత్రతో అదుపులోనే ఉంది. డాక్టరుగారు రిపోర్టులన్నీ తిరగేసి, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా మాస్టారూ?" అని అడిగారు.

"లేదండీ. బీపీ మాత్ర ఒక్కటే."

నాన్న అబద్ధమాడే మనిషి కాదు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పారు. డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా ఏదీ దాచకూడదని మాకు చెప్పిందే ఆయన. ఆయన లెక్కలో ఆ జవాబు నిజమే. కానీ మా ఇంట్లో భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన, ఎనిమిది నెలలుగా ఆయుర్వేద మాత్రల చిన్న తెల్ల ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంటోంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆ సంగతి నాకు కూడా అప్పుడే తట్టింది. "నాన్నా, ఆ ఆరోగ్యవర్ధిని వేసుకుంటున్నారుగా?" అన్నాను.

"అది మందేమిట్రా, మూలికలు!" అన్నారాయన.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి.

ఆ సీసా మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లకి అలాగే వస్తుంది. మాస్టర్ హెల్త్ చెకప్ చేయిస్తే స్కానింగ్‌లో ‘గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్’ అని రాశారు. ఆ చెకప్ చేసిన డాక్టరు బరువు తగ్గమని, నడవమని, నూనె తగ్గించమని చెప్పి పంపించారు. మందేమీ రాయలేదు. జబ్బు పేరు చెప్పి మందు రాయకపోతే మన పెద్దవాళ్లకి తోచదు. పొద్దున నడకలో ఒక స్నేహితుడు, "లివరుకి ఇంతకు మించింది లేదు మాస్టారూ, అంతా మూలికలే, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్నాడు. అదే రోజు దుకాణంలో కొన్నారు. చీటీ ఎవరూ అడగలేదు. ఎన్నాళ్లు వాడాలో ఎవరూ చెప్పలేదు. ఆకలి పెరిగింది, మలబద్ధకం పోయింది, ఒళ్లు తేలికైందన్నారు. ఆయనకి మేలు జరిగిందన్న మాట కూడా నిజమే. దాన్ని నేను కొట్టిపారెయ్యను.

డాక్టరుగారు సీసా చూపించమన్నారు. అమ్మకి ఫోన్ చేస్తే వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. ముందువైపు పచ్చటి ఆకుల బొమ్మ. వెనకవైపు ఫొటోని వేళ్లతో సాగదీసి, సాగదీసి చదవాల్సి వచ్చింది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషు లిపిలో పన్నెండు పేర్లు. మొదటి పేరు ‘శుద్ధ పారద’. నేను పైకి చదివాను. నాన్న ఉలిక్కిపడి, "ఏదీ, మళ్లీ చదువు" అన్నారు. పారదం అంటే పాదరసమని తెలుగు మాస్టారుకి ఒకరు చెప్పాలా? అదే మాట ఆ సీసా మీద తెలుగు అక్షరాల్లో, చూపుకి ఆనేంత సైజులో ఉండి ఉంటే, ఆ మాత్ర మా బల్ల మీదకి వచ్చేదే కాదు. వచ్చినా ఆయన పది ప్రశ్నలు అడిగి ఉండేవారు.

ఆరోగ్యవర్ధినిలో ఏముందో చూద్దాం. ‘రసరత్నసముచ్చయం’ అనే పాత రసశాస్త్ర (పాదరసం, లోహాలతో మందులు చేసే ఆయుర్వేద శాఖ) గ్రంథం చెప్పిన యోగం, అంటే మందుల కూర్పు, ఇది. నాగార్జునుడు చెప్పిన గుళిక అని ఆ గ్రంథమే అంటుంది. శుద్ధి చేసిన పాదరసం ఒక పాలు, శుద్ధి చేసిన గంధకం ఒక పాలు, ఇనుము భస్మం (కాల్చి చేసిన మెత్తటి పొడి), అభ్రక భస్మం, రాగి భస్మం ఒక్కొక్క పాలు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ రెండేసి పాళ్లు. శిలాజిత్తు మూడు, గుగ్గులు నాలుగు, చిత్రమూలం నాలుగు. ఇవన్నీ కలిపితే ఇరవై రెండు పాళ్లు. వీటన్నిటికీ సమానంగా, అంటే ఇంకో ఇరవై రెండు పాళ్లు, కటుకరోహిణి. మొత్తాన్ని వేపాకు రసంతో రెండు రోజులు నూరి గుళికలు కట్టాలి.

లెక్క వేస్తే మాత్రలో సగం కటుకరోహిణి. నలభై నాలుగో వంతు పాదరసం. నాన్న రోజుకి రెండు మాత్రలు, మొత్తం 500 మిల్లీగ్రాములు వేసుకున్నారు. గ్రంథంలో చెప్పిన పాళ్ల ప్రకారమే తయారుచేసి ఉంటే అందులో పాదరసం సుమారు 11 మిల్లీగ్రాములు. ఎనిమిది నెలలకి రెండున్నర గ్రాములు పైమాటే. మన దేశంలో కేవలం మూలికలతో చేసిన మందుల్లో పాదరసం పది లక్షల పాళ్లకి ఒక పాలు దాటకూడదని, దేశీయ వైద్యాలు చూసే కేంద్ర ఆయుష్ శాఖ ప్రమాణం. ఆరోగ్యవర్ధినిలో పది లక్షల పాళ్లకి ఇరవై రెండు వేల పాళ్లు దాటి ఉంటుంది. ఇది కల్తీ కాదు, తయారీలో తప్పూ కాదు. యోగమే అంత. అందుకే మూలికల ప్రమాణం దీనికి వర్తించదు, ఇది రసౌషధం. చట్టం దీన్ని మూలికల మందుగా చూడటం లేదు. మనమే చూస్తున్నాం.

ఇక్కడ తొందరపడి విషం, విషం అని అరవడం కూడా సరికాదు. పాదరసాన్ని గంధకంతో కలిపి గంటల తరబడి, రోజుల తరబడి నూరితే మెరుపంతా పోయి కాటుకలా నల్లటి పొడి అవుతుంది. దాన్నే కజ్జలి అంటారు. రసాయన శాస్త్రం ప్రకారం అది మెర్క్యురిక్ సల్ఫైడ్. నీళ్లలో దాదాపు కరగదు, పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువ వెళుతుంది. చేపల్లో ఉండే మిథైల్ మెర్క్యురీకీ, దీనికీ పోలిక లేదు. ఈ తేడా చెప్పకుండా ‘ఆయుర్వేదం మాత్రల్లో పాదరసం’ అని హెడ్డింగు పెట్టి భయపెట్టేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే చాలా తక్కువ అంటే సున్నా అని కాదు. ఇదే మాత్రని ఎలుకలకి 28 రోజులు ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది. మనిషి మోతాదుకి సమానంగా, ఐదు రెట్లు, పది రెట్లు ఇచ్చి చూశారు. ఎలుకల ప్రవర్తనలో, అవయవాల్లో దెబ్బ ఏమీ కనబడలేదు. అది మంచి వార్తే. కానీ మెదడులో, లివర్‌లో, కిడ్నీల్లో పాదరసం మోతాదును బట్టి పెరిగింది. అంటే లోపలికి వెళుతోంది, ఉంటోంది. 28 రోజుల్లో ఏమీ కాలేదన్న ఫలితాన్ని ఎనిమిది నెలలకి పూచీగా ఎవరూ ఇవ్వలేరు.

మరి మేలు మాటేమిటి? ఈ మాత్ర మీద నాకు గౌరవం కలిగించింది కటుకరోహిణి. హిమాలయాల్లో మూడు వేల మీటర్ల పైన పెరిగే చిన్న మొక్క వేరు అది. విపరీతమైన చేదు. నాలుక మీద పెట్టుకుంటే పావుగంటైనా వదలదు. లివర్ జబ్బులకి ఆయుర్వేదం దాన్ని ఎప్పటినుంచో వాడుతోంది. 1980లోనే అక్యూట్ వైరల్ హెపటైటిస్ రోగుల మీద ఆరోగ్యవర్ధినిని డబుల్ బ్లైండ్ పద్ధతిలో (ఎవరికి అసలు మందు ఇస్తున్నారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా) పరీక్షించి ప్రచురించారు. ఆ పరిశోధకుల్లో కొందరే తర్వాత 1996లో కటుకరోహిణి వేరు పొడిని విడిగా పరీక్షించారు. కామెర్లతో ఉన్న 15 మందికి 375 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు, రెండు వారాలు ఆ పొడి ఇచ్చారు. 18 మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) 2.5కి దిగడానికి పొడి వాడినవాళ్లకి సగటున 27 రోజులు పట్టింది, రెండో గుంపుకి 76 రోజులు. 33 మందితో చేసింది చిన్న పరీక్షే, కానీ తేడా చిన్నది కాదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. ఆ పరీక్షలో పాదరసం లేదు, రాగి లేదు, ఇనుము లేదు. ఒట్టి వేరు పొడి. లివర్‌కి మేలు కటుకరోహిణి వల్లే జరుగుతుంటే, మామూలు గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి దానితోపాటు పాదరసం ఎందుకివ్వాలి? రసశాస్త్రం దగ్గర దీనికి జవాబుంది. పాదరసం యోగవాహి, అంటే తోడున్న మందుల గుణాన్ని మోసుకెళ్లి చేరుస్తుంది, కొద్ది మోతాదులోనే పని జరుగుతుంది అంటారు. అయ్యుండొచ్చు. తేల్చడం కష్టం కాదు. పాదరసంతో చేసిన మాత్ర ఒక గుంపుకి, అది లేకుండా చేసిన మాత్ర ఇంకో గుంపుకి ఇచ్చి చూస్తే తెలుస్తుంది. ఇంతమంది నమ్మి మింగే మందుకి ఆ మాత్రం పరీక్ష చేయడం ఆ మందుకి మర్యాదే గానీ అవమానం కాదు.

కొలెస్ట్రాల్ మీద కూడా ఒక పరిశోధన ఉంది. మూడు వారాలు తెల్లమద్ది పొడి, ఆ తర్వాత నాలుగు వారాలు ఆరోగ్యవర్ధిని ఇస్తే 96 మందిలో కొలెస్ట్రాల్ తగ్గిందన్నారు. పోల్చిచూడటానికి రెండో గుంపు లేదు, కాబట్టి దాన్ని రుజువుగా చూపించలేం. ఆకలి, మలశుద్ధి సంగతి వేరు. త్రిఫల, కటుకరోహిణి కలిసి ఉన్నాయి గనుక మోషన్ సాఫీగా అవుతుంది. నాన్నకి ఒళ్లు తేలికైనట్టు అనిపించింది అందువల్లే కావచ్చు.

కిడ్నీ డాక్టరుగారు బయాప్సీ చేయించమన్నారు. వచ్చిన జబ్బు పేరు మెంబ్రేనస్ నెఫ్రోపతి. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే పొరలు మందంగా అయిపోయి ప్రొటీన్ మూత్రంలోకి జారిపోవడం. అందులో ‘నెల్-1’ అనే రకం. ఆ రకం కొన్నిసార్లు ఒంట్లో ఎక్కడో దాగిన క్యాన్సర్‌కి గుర్తు కూడా కావచ్చని చెప్పి, స్కానింగులు రాశారు. ఆ పన్నెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగిందన్న మాటే గానీ ఎవరూ సరిగ్గా తిన్నది లేదు. అమ్మ రాత్రిళ్లు లేచి కూర్చునేది. స్కానింగుల్లో ఏమీ లేదు. అప్పుడు డాక్టరుగారు అసలు విషయం చెప్పారు. 2022లో మన దేశం నుంచే ఒక పరిశోధన వచ్చిందట. నెల్-1 రకం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో గణనీయమైన సంఖ్యలో దేశవాళీ మందులు వాడినవాళ్లు ఉన్నారు. ఆ మందులు కొన్నిటిని పరీక్షిస్తే పాదరసం బయటపడింది. మందు ఆపాక చాలామందికి తగ్గింది. ఇంటికొచ్చాక ఆ పరిశోధన వెతుక్కుని చదివాను. ఆయన చెప్పినట్టే ఉంది.

"ఇదే కారణమని వంద శాతం చెప్పలేను. ఆపి చూద్దాం," అన్నారు. ఆపాం. ప్రొటీన్ తగ్గడానికి పనికొచ్చే రకం బీపీ మాత్రకి మార్చారు. నాలుగో నెలకి ఒక ప్లస్, తొమ్మిదో నెలకి ట్రేస్. ఆ మాత్రే చేసిందని నేను కూడా తీర్పు చెప్పను. ఒక మనిషికి జరిగిన దాన్నిబట్టి లోకానికి సూత్రం కట్టకూడదు. కానీ డాక్టరు ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగినప్పుడు, నేను ఆ గదిలో లేకపోతే, ఆ ‘లేదండీ’ దగ్గరే కథ ఆగిపోయి ఉండేది. నాన్న ఇంటికొచ్చి రాత్రి భోజనమయ్యాక మళ్లీ ఆ మాత్ర వేసుకునేవారు.

ఆ తర్వాత మేం ఆయుర్వేద డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. చాలామంది బంధువులు ఆశ్చర్యపోయారు, ఇంకా ఆ గడపే తొక్కుతారా అని. నాన్న పట్టుబట్టారు. "నేను ఆయుర్వేదం వైద్యుణ్ణి అడిగి వేసుకోలేదు కదరా, నడకలో దొరికిన సలహా మీద వేసుకున్నాను. వాళ్లనెందుకు అనడం?" అన్నారు. ఆ మాట న్యాయంగా తోచింది నాకు.

ఆవిడ ఎండీ చేసింది రసశాస్త్రంలోనే. సీసాలోంచి ఒక మాత్ర తీసి కాగితం మీద పెట్టి, స్టీలు చెంచా వెనకవైపుతో నలిపింది. నల్లటి, కొంచెం గోధుమరంగు కలిసిన పొడి. గుగ్గులు జిగటకి చెంచాకి అతుక్కుంది. చిటికెడు తీసి నాన్న నాలుక మీద వేసుకోమంది. ఎనిమిది నెలలు నీళ్లతో గుటుక్కున మింగిన మనిషి మొదటిసారి దాని రుచి చూసి మొహం చిట్లించారు. "అది కటుకరోహిణి మాస్టారూ. చేదు ఉందంటే అదైనా వేశారన్నమాట," అంది ఆవిడ.

భస్మాల పరీక్షలు నాకు అర్థమయ్యేలా చెప్పింది. భస్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే వేలి గీతల్లోకి దూరిపోవాలి. నిలకడగా ఉన్న నీళ్ల మీద చల్లితే తేలాలి. ఎండలో పట్టి చూస్తే ఎక్కడా మెరుపు ఉండకూడదు. రాగి భస్మానికి ఇంకో పరీక్ష. గిన్నెలో పెరుగు వేసి అందులో కలిపి ఉంచితే పెరుగు ఆకుపచ్చ రంగుకి తిరగకూడదు. అలా తిరిగిందంటే రాగి ఇంకా పచ్చిగా ఉన్నట్టే, ఆ భస్మం తింటే వాంతులు, కళ్లు తిరగడం ఖాయం. ఎన్నిసార్లు పుటం పెట్టారు (మూసి కాల్చారు), ఎంతసేపు నూరారు అన్నదాని మీదే అంతా ఉంటుందంది. ఇవన్నీ వింటుంటే ఆ పాత వైద్యులు తమ చేతిలో ఉన్న వస్తువు ఎంత ప్రమాదమైందో ఎంత బాగా ఎరిగి ఉన్నారో అర్థమైంది. భయం లేనివాళ్లు ఇన్ని పరీక్షలు పెట్టుకోరు.

"మరి ఈ మాత్రని ఇప్పుడు అలా పరీక్షించండి," అన్నాను.

"కుదరదండీ. ఇవి భస్మానికి పరీక్షలు. పన్నెండు సరుకులు కలిపి మాత్ర కొట్టాక మీ చేతిలో గానీ నా చేతిలో గానీ ఏ పరీక్షా మిగలదు. ల్యాబ్ ఒక్కటే దిక్కు. లేదంటే తయారుచేసినవాడి మీద నమ్మకం," అంది.

తర్వాత నాన్న వైపు తిరిగి, ఆ గ్రంథంలోని శ్లోకం చదివింది. ‘మండలం సేవితా’ అన్నచోట ఆగింది. నాన్న తనంతట తానే అందుకున్నారు. "మండలం పాటు సేవిస్తే..." అని అర్థం చెప్పబోయి మధ్యలో ఆగిపోయారు. మండలం అంటే ఏమిటో మనలో తెలియనిదెవరికి? నలభై రోజుల దీక్ష. కుష్ఠరోగాలకి, అంటే మొండి చర్మవ్యాధులకి, గ్రంథం గడువు పెట్టింది. నాన్న ఆరు మండలాలు వాడారు, ఫ్యాటీ లివర్‌కి. వైద్యుడు నాడి చూసి, పథ్యం చెప్పి, గడువు పెట్టి ఇచ్చే మందుని మనం పథ్యం వదిలేసి, గడువు వదిలేసి, వైద్యుణ్ణి కూడా వదిలేసి, ఒట్టి మాత్రని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం. దానికి సంప్రదాయం అని పేరు పెట్టుకోవడం ఆ సంప్రదాయానికే అన్యాయం. సరిగ్గా వాడితే విషమైనా మంచి మందవుతుంది, తప్పుగా వాడితే మందు కూడా విషమవుతుంది అని చరకుడే సూత్రస్థానం మొదటి అధ్యాయంలో చెప్పాడు. ‘సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అన్న మాట ఆయుర్వేదానిది కాదు. అమ్ముకునేవాళ్లది.

ఇక చట్టం. మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940 నాటిది. 1964లో ఆయుర్వేదానికి దాంట్లో ప్రత్యేక అధ్యాయం చేర్చారు. దాని నియమాల్లో షెడ్యూల్ ఇ(1) అని ఒక జాబితా ఉంది. వత్సనాభి, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, నల్లమందు లాంటి విషపదార్థాల పట్టిక అది. పారదం కూడా అందులో ఉంది. ఆ పట్టికలోని సరుకు లోపలికి తీసుకునే మందులో ఉంటే, వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఇంగ్లీషులో, హిందీలో ఉండాలి. మా సీసా మీద ఉంది. వాళ్లు చట్టం తప్పలేదు. కానీ ఆ హెచ్చరిక ఇంగ్లీషు, హిందీ హాయిగా చదవలేనివాళ్లకి ఎందుకు అక్కర్లేదు? తెలుగు మాత్రమే చదివేవాళ్లు ఎంతమంది ఈ మాత్ర కొంటున్నారు! ఇంకో వైపు చూస్తే, ఆయుర్వేద మందులు తయారుచేయడానికి లైసెన్సు కావాలి గానీ దుకాణంలో అమ్మడానికి ప్రత్యేకం లైసెన్సు అక్కర్లేదు. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని ఒక చేత్తో రాసి, చీటీ లేకుండా ఎవరైనా ఎవరికైనా అమ్మొచ్చని ఇంకో చేత్తో వదిలేస్తే ఆ హెచ్చరికకి విలువేముంది? నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. రోగిని తప్పుపట్టే ముందు ఇది సరిచెయ్యాలి. పారదం, ఆర్సెనిక్ ఖనిజాలైన తాళకం, మణిశిల ఉన్న మందులు చీటీ లేకుండా అమ్మకూడదు. రోజుకి ఎన్ని మిల్లీగ్రాముల పాదరసం ఒంట్లోకి వెళుతుందో, ఎన్నాళ్లకి మించి వాడకూడదో, అమ్మే రాష్ట్రం భాషలో ముద్రించాలి. ఆకుల బొమ్మ వేసే చోటే ఆ మాట వెయ్యొచ్చు, స్థలం సరిపోతుంది.

ఎవరెవరు దీని జోలికి పోకూడదో కూడా సూటిగా చెప్పేస్తాను, ఎందుకంటే లేబుల్ చెప్పదు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, పిల్లలు వద్దు. కిడ్నీ జబ్బు ఏ కాస్త ఉన్నా వద్దు. పాదరసం ఎక్కువగా పోగుపడేది అక్కడే. విల్సన్ జబ్బు ఉన్నవాళ్ల లివర్ రాగిని బయటికి పంపలేదు, వాళ్లకి రాగి భస్మం ఉన్న మాత్ర ఇవ్వడం మంటలో నెయ్యి పోయడమే. కామెర్లు వచ్చినవాళ్లలో కారణం ఏమిటో తేలకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. తలసీమియా ఉన్నవాళ్లకి ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువ. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ అనే మందులు రక్తంలోకి సరిగ్గా చేరకుండా గుగ్గులు అడ్డుపడుతుందని ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో తేలింది. వాడుతున్నవాళ్లు ఎవరైనా సరే, మొదలుపెట్టే ముందు, తర్వాత నెలకోసారి మూత్రంలో ప్రొటీన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ పరీక్షలు చేయించుకోవాలి. మూత్రం నురగ కట్టినా, కాళ్లు వాచినా ఆ రోజే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

‘అల్లోపతి మాత్రలకి సైడ్ ఎఫెక్ట్స్ లేవా’ అని అడిగేవాళ్లుంటారు. ఉన్నాయి. పెయిన్ కిల్లర్లు కిడ్నీల్ని పాడుచేసిన కేసులు బోలెడు. కానీ ఆ సంగతి అందరికీ తెలుసు. మా అమ్మ కూడా పెయిన్ కిల్లర్ రెండోరోజు వేసుకోబోతే ‘కిడ్నీలు పోతాయే’ అంటుంది. ఆ భయమే మనల్ని కాపాడుతుంది. ఈ మాత్ర విషయంలో ఆ భయాన్ని మనకి లేకుండా చేశారు. నా పేచీ అక్కడే.

ఒక మంచి పని కూడా జరిగింది. ఆయుర్వేద మందుల వల్ల ఇబ్బంది కలిగితే నమోదు చేసే ఏర్పాటు 2018 నుంచి దేశంలో ఉంది. ఢిల్లీలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆయుర్వేద దాన్ని నడిపిస్తోంది. నాన్న కేసుని ఆ ఆయుర్వేద డాక్టరుగారే ఫారం నింపి పంపింది. మేం అడగలేదు. "మా మందుని మేమే కనిపెట్టుకోకపోతే ఇంకెవరు కనిపెడతారండీ," అంది. ఫ్యాటీ లివర్‌కి ఏ మందూ ఇవ్వలేదు. బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే లివర్ దానంతటదే బాగుపడుతుందని, రాత్రి భోజనం ఏడింటికే ముగించమని చెప్పింది. మొదటి డాక్టరు చెప్పిందీ అదే. నాన్న ఇప్పటికి ఐదు కిలోలు తగ్గారు.

పోయిన నెల కిడ్నీ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాం. లోపలికి వెళ్లి కూర్చోగానే నాన్న జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. నోట్‌బుక్కు పేజీ, ఆయన గుండ్రటి చేతిరాత. డాక్టరుగారు అడగకముందే చదవడం మొదలుపెట్టారు. బీపీ మాత్ర, పొద్దున ఒకటి. విటమిన్ డి, వారానికొకటి. రాత్రి పడుకోబోయే ముందు కరక్కాయ పొడి, అర చెంచా. కీళ్లకి కర్పూర తైలం, పైన రాయడానికి. ఆరోగ్యవర్ధిని, ఎనిమిది నెలలు, ఆపినది.

చివరి పేరు పక్కన బ్రాకెట్లో తెలుగులో రాసుకున్నారు, ‘పారదం కలదు’ అని.